జాతీయములకు నిఘంటుప్రవేశార్హత

నిఘంటుకర్తకు పదములకంటె పదబంధములు ఎక్కువ చిక్కు తెచ్చును. పదము విషయమున, అది భాషలో నున్నదా లేదా యను ప్రశ్న యొక్కటియే. పదబంధము విషయమున మఱియొక ప్రశ్న పుట్టును: దానిలోని పదములన్నియు నిఘంటువున నిదివఱకే యున్నవి గదా, వాని కూడికకు వేఱుగ చోటేల? ఆంగ్లమున 'కిక్' అనగా కాలితో తన్నుట. 'బకెట్' అనగా నీళ్లు తోడు పాత్రము. ఈ రెండర్థములను ముందుంచుకొని 'కిక్ ద బకెట్' అను పలుకుబడిని చదువు విద్యార్థి, ఎవడో పాత్రమును తన్నెనని తలచును గాని, వాడు చనిపోయెనని తలపడు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోసు ప్రకటించిన ఆంగ్లగ్రామ్యపదకోశముననే యీ పలుకుబడికి మరణార్థము వ్రాయబడియున్నది. దీనికి నిఘంటువున చోటీయవలె ననుటలో నెవ్వరికిని వివాదముండదు. కాని 'హెవీ రెయిన్' అను దాని మాట యేమి? 'టేక్ యాక్షన్' అను దాని మాట యేమి? బొగ్గును న్యూకాసిలునకు మోయుట యను దాని మాట యేమి? ఏది చేర్పదగినది, ఏది విడువదగినది యని నిర్ణయించుటకు లక్షణ మొకటి కావలెను. అట్టి లక్షణమును సంస్కృతశాస్త్రము లిదివఱకే సిద్ధపఱచి యుంచినవి. అది ఆంగ్లజాతీయములకే గాక తెలుగు జాతీయములకును, అందు ముఖ్యముగ నిఘంటువుల కెక్కని ఉత్తర తెలంగాణపు నుడికారమునకును సరిపోవును. దానిని నిరూపించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

అన్నిటిని జేర్చిన నేమి యనునది మొదటి పూర్వపక్షము. దీనికి సమాధానము మహాభాష్యపు పస్పశాహ్నికమున నున్నది. బృహస్పతి యంతటివాడు ఇంద్రునకు వేయి దివ్యవర్షములు ఒక్కొక్క శబ్దమునే చెప్పుచు పోయినను శబ్దముల కంతము కానరాలేదని పతంజలి యచట చెప్పెను. పదములకే యంతము లేనప్పుడు పదముల కూడికల కెక్కడిది? కావున నియమముచే సిద్ధించుదానిని నియమమునకు విడిచి, నియమమునకు లొంగనిదానిని మాత్రమే పేరుపేరున పఠింపవలెను. ఇది వ్యాకరణమున లాఘవము. నిఘంటువునను ఇదియే లాఘవము.

పాణినీయమున నీ పద్ధతి యెట్లు నడచినదో గణపాఠమును జూచిన తెలియును. అష్టాధ్యాయి 2-1-48 సూత్రమున బేర్కొనబడిన పాత్రేసమితాది గణమును దీసికొనుడు. 'పాత్రేసమితుడు' అనగా పదములనుబట్టి పాత్రమువద్ద చేరినవాడని మాత్రమే యర్థము. లోకమున నది, విస్తరివద్దనే కనబడి పనివద్ద కానరానివానిని నిందించుమాట. 'గేహేశూరుడు' ఇంటిలో శూరుడు; అనగా బయట పిఱికివాడు. ఈ నింద యే పదమునందును లేదు, కూడికయందే యున్నది. అందుచే వీనిని సామాన్యసమాసవిధికి విడువక వేఱుగ పఠింపవలసివచ్చెను. 2-1-72 సూత్రమునకు సంబంధించిన మయూరవ్యంసకాది గణమున 'అశ్నీతపిబతా' అనునది కలదు. 'తినుడు, త్రాగుడు' అను రెండు క్రియాపదములే కలిసి, తిండి త్రాగుడు లెడతెగక సాగుటను దెలుపు నామమైనవి. ఏ సామాన్యవిధియు దీనిని సాధింపజాలదు. 5-3-106 సూత్రము 'కాకతాళీయము' వంటివానికొఱకే పుట్టినది. కాకి వాలుటయు తాటిపండు పడుటయు తెలిసినంతమాత్రమున, అనుకొనని సంఘటనమను నర్థము తెలియదు. ఇట్టి లోకన్యాయములను కర్నల్ జేకబు 20వ శతాబ్దారంభమున 'లౌకికన్యాయాంజలి' యను పేర సేకరించి ప్రకటించెను. నేటి ఆంగ్లకోశకర్తలు జాతీయములనువానిని ప్రాచీనవైయాకరణులు గణములలో బఠించిరని చెప్పినచో తప్పుకాదు.

ఈ గణములనుండి మొదటి పరీక్ష లభించుచున్నది. అవయవార్థములను గూర్చినప్పుడు సముదాయార్థము రాని పదబంధమునకే నిఘంటువున చోటు. 'హెవీ రెయిన్' అనగా పెద్దవాన. అవయవార్థములు తెలిసినవానికి ఇది తెలియకపోదు. కావున దానికి వేఱు చోటక్కఱలేదు. 'కిక్ ద బకెట్' ఈ పరీక్షకు నిలుచును. ఆంగ్లమున క్రియకు అవ్యయము చేరి యేర్పడు పలుకుబడులును నిలుచును. 'గివ్' ఇచ్చుట; 'గివ్ అప్' మానుకొనుట; 'గివ్ ఇన్' లొంగుట. 'పుట్' ఉంచుట, 'పుట్ ఆఫ్' వాయిదా వేయుట, 'పుట్ అప్ విత్' ఓర్చుకొనుట. శామ్యూల్ జాన్సను 1755లో ప్రకటించిన నిఘంటువు పీఠికయందు, పరదేశీయులను మిక్కిలి బాధించునవి యీ కూడికలే యని గుర్తించి, వానిని శ్రద్ధతో చేర్చితినని చెప్పుకొనెను. సంస్కృతము చదివినవారికి ఇది క్రొత్త కాదు. 'హృ' ధాతు వొక్కటియే యుపసర్గభేదముచే ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అను పొంతనలేని యర్థముల నిచ్చుచున్నది. మన యుపసర్గము ధాతువునకు ముందు నిలుచును, ఆంగ్లావ్యయము వెనుక నిలుచును, భేద మంతియే. ధాతుపాఠమున 'హృ' యొక్కటి యున్న జాలును. కోశమున మాత్రము ఆహారవిహారములు వేఱువేఱుగ నుండవలెను. పాఠశాలలయందు ఆంగ్లక్రియలను బోధించునపుడు ఈ పోలికను జూపినచో విద్యార్థికి సగము శ్రమ తగ్గును.

ఇక పలుకుబడికి పుట్టుక తెలియకున్న దానిని చేర్పవచ్చునా యను సందేహము కలుగును. బకెట్టును దన్నుట మరణార్థమున కెట్లు వచ్చినదో చెప్పు కథలు పెక్కులు కలవు. అవి యొకదానితో నొకటి పొసగవు. ఈ సందేహమును సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథు డేనాడో తీర్చెను. 'కుశలుడు' అనుపదమునకు దర్భలు కోయువాడని వ్యుత్పత్తి. నేర్పరి యని వాడుక. మమ్మటుడు దీనిని రూఢిలక్షణకు ఉదాహరణముగ జూపగా, విశ్వనాథుడు దాని నంగీకరింపలేదు. శబ్దము పుట్టుటకు నిమిత్తము వేఱు, అది ప్రవర్తించుటకు నిమిత్తము వేఱు. నేర్పరి యనునదే దానికి ముఖ్యార్థమని యాతని వాదము. నిఘంటువున కీ వాదము మేలైన యాధారము. కోశమున వ్రాయవలసినది ప్రవృత్తినిమిత్తము. వ్యుత్పత్తి నిశ్చయముగ దెలిసిన జేర్పవచ్చును. తెలియకున్న పలుకుబడికి చోటు తప్పదు.

రెండవ పరీక్ష యాలంకారికులనుండి వచ్చునది. శబ్దాలంకారమును అర్థాలంకారమును వేఱుచేయుటకు వారు పర్యాయపదమును బెట్టి చూతురు. పర్యాయమును సహింపనిది శబ్దమునకు కట్టుబడినది. జాతీయమును ఇట్లే పరీక్షింపవలెను. ఈ ఆంగ్లపు పలుకుబడి తెలుగులోనికి 'బాల్చీ తన్నుట' యని దిగినది. పోయినాడనుటకు పరిహాసముగ 'బాల్చీ తన్నినాడు' అందురు. 'బాల్చీ' స్వయముగ పోర్చుగీసుభాషనుండి వచ్చిన మాట, పలుకుబడి ఆంగ్లము, క్రియ తెలుగు. ఇపుడు బాల్చీని దీసి దాని స్థానమున 'బొక్కెన' నుంచి చూడుడు. 'బొక్కెన తన్నినాడు' అన్నచో నీళ్లొలికినవని యర్థమగును గాని, ప్రాణము పోయినదని కాదు. పర్యాయమును సహింపలేదు గాన నిది రూఢము. 'కాలికి బుద్ధి చెప్పుట' పరుగెత్తుట. 'పాదమునకు మతి చెప్పుట' యన్నచో నవ్వుదురు. ఈ పరీక్షను మితముగ బ్రయోగింపవలెను. ఊరు విడిచి బ్రదుకుతెరువునకై పోవుటను 'పొట్ట చేతపట్టుకొని పోవుట' యందురు. 'కడుపు చేతపట్టుకొని పోవుట' యనియు నందురు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములనుండి బొంబాయికిని గల్ఫుదేశములకును వలసపోయినవారి కుటుంబములలో నీ మాట యొక చరిత్రనే చెప్పును. ఇందు పొట్టయు కడుపును రెండును చెల్లును, 'ఉదరము' చెల్లదు. ఇట్టి చోట చెల్లు రూపములన్నియు నారోపమున జూపవలెను.

మూడవది ప్రయోగసాక్ష్యము. ఇచ్చట లాక్షణికప్రయోగములు రెండువిధము లని స్మరింపవలెను. ఒకటి రూఢిచే స్థిరపడినది. వేఱొకటి వక్త యా క్షణమున నొక ప్రయోజనము గోరి కల్పించునది. మొదటిది నిఘంటువునకు, రెండవది కావ్యవ్యాఖ్యానమునకు విషయము. ఆంగ్లమున వ్యర్థప్రయత్నమును 'న్యూకాసిలునకు బొగ్గు మోయుట' యందురు; ఏలయన ఆ నగరము బొగ్గువ్యాపారమునకు బ్రసిద్ధము. మంథని బడిలో చదువు బాలుడు సింగరేణి గనుల నెఱిగినవాడు. న్యూకాసిలు బొగ్గుపట్టణ మని యొక్కమాట చెప్పినంతనే అర్థమును గ్రహించి, 'గోదావరిఖనికి బొగ్గు మోసినట్లు' అని తానే యొక మాట కట్టగలడు. ఆ మాట యందముగ నుండును, విన్నవారి కర్థమగును. అయినను అది యింకను నిఘంటువునకు రాదు. వక్త కల్పన గాని జనరూఢి గాదు. న్యూకాసిలు మాట తరతరములుగ ఆంగ్లజనుల నోట నరిగినది గాన, ఆంగ్లాంధ్రనిఘంటువున దానికి చోటు గలదు. దానికి సమముగ 'సముద్రవృష్టిన్యాయము'ను జూపిన జాలును. ఎందఱు పలికిన రూఢి యగునని యడిగినచో, సంఖ్యను శాస్త్రము విధింపదు. ఆక్సుఫర్డు ఆంగ్లనిఘంటువు 1884 మొదలు 1928 వఱకు భాగములుగ వెలువడునపుడు, పాఠకులు పెక్కుమంది చీటీలపై వ్రాసిపంపిన ప్రయోగములే దానికి ఆధారమైనవి. ఒకరినొకరు అనుకరింపని భిన్నవక్తల ప్రయోగములు కావలె ననునదే యచటి నీతి. ఒక్క కవి యొక్కసారి వాడిన చమత్కారము కంటె, పదియూళ్లలో నెవరి కెవరు నేర్పకయే పలుకు మాట బలవత్తరసాక్ష్యము.

ఈ మూడు పరీక్షలకును పైన నొక జాగ్రత్త కలదు. కొన్నియెడల చేర్పవలసినది పదబంధము కాదు, పదమునకు మఱియొక యర్థము. గోదావరి కుడియొడ్డున నున్న మంథనిలో దీనికి చక్కని యుదాహరణము దొరకును. ఈ యూరు మంత్రకూటమను పేర వేదశాస్త్రాధ్యయనమునకు బ్రసిద్ధి కెక్కినది. చిరకాలము కరీంనగరు జిల్లాలో నుండి, 2016లో నేర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరినది. అచటి యగ్రహారపు వీథిలో 'ఆగమము' అనగా శాస్త్రము. వ్యాకరణము చదువువానికి, ఉన్నవర్ణమును చెఱుపక మిత్రునివలె వచ్చి చేరు వర్ణము. అదే యూరి యంగడిలో 'వాని సంసారము ఆగమయినది' యన్నచో చెడిపోయినదని యర్థము. 'ఆగమాగము' అనగా తబ్బిబ్బు. 'ఆగము చేయుట', 'ఆగమగుట', 'ఆగమాగమగుట' యని మూడు పదబంధములను వేఱువేఱుగ జేర్పనక్కఱలేదు. 'ఆగము' అను పదమునకు చెడుట, తబ్బిబ్బగుట యను నర్థమును దేశ్యవ్యవహారమని గుర్తించి వ్రాసిన జాలును. తక్కినవి నియమమునకే లభించును. 'సోయి తప్పుట' యు నిట్టిదే. 'సోయి లేదు', 'సోయికి వచ్చినాడు' అని పదము స్వతంత్రముగ నడచుచున్నది గాన, 'సోయి' యనగా స్పృహ యని పదము నారోపించిన తక్కినదంతయు సిద్ధించును. దీనికి భిన్నముగ 'కాలికి బుద్ధి చెప్పుట' లో పలాయనార్థము కాలికి గాని బుద్ధికి గాని కట్టలేము; అది పదబంధముగనే చేరవలెను. లాఘవమనగా నిదియే.

తెలుగు నిఘంటువుల చరిత్ర నీ దృష్టితో జూచిన నొక కొఱత బయల్పడును. సి. పి. బ్రౌను 1852లో వెలువఱచిన నిఘంటువున గ్రంథభాషతోపాటు వాడుకమాటలకును, పలుకుబడులకును చోటిచ్చెను. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము కావ్యభాషకు ప్రామాణికమైన కోశము. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు, పిఠాపురాధీశుని పోషణమున, జయంతి రామయ్యపంతులు మొదలగు విద్వాంసుల శ్రమచే రూపొందించిన సూర్యరాయాంధ్రనిఘంటువు తొలిసంపుటము 1936లో వెలువడెను. అది కవిప్రయోగమునే ప్రధానప్రమాణముగ గొనెను. వ్యావహారికమును విడుచుటను గిడుగు రామమూర్తిపంతులు ఆక్షేపించెను. కవిప్రయోగ మొక్కటియే సాక్ష్యమన్నచో, కావ్యముల కెక్కని ప్రాంతపు నుడికారమంతయు భాషలో లేనట్లే యగును. ఆ ఫలము తెలంగాణముపై నెక్కువగ బడినది. ఇంటిలో 'ఆగమయినది' యని వినిన బాలుడు వ్యాసమున నామాట వ్రాయగా, నిఘంటువున లేదని యెఱ్ఱసిరాతో కొట్టివేయబడుట పెక్కు పాఠశాలల యనుభవము. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములకు మాండలికవృత్తిపదకోశమును వెలువఱచెను. గ్విన్ పండితుని తెలుగు-ఆంగ్లనిఘంటువు 1991లో ఆధునికవ్యవహారము నాదరించెను. నలిమెల భాస్కర్ 'తెలంగాణ పదకోశం' 21వ శతాబ్దపు తొలి దశకమున వచ్చెను. వీనివలన కొఱత కొంత తీఱినది. పదములు చేరినంతగ పదబంధములు చేరలేదు.

దేశ్యములను, ఆంగ్లమునుండి దిగిన పలుకుబడులను అసాధువులని పండితులు కొందఱు విడుతురు. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి బోవును గాని, మాటలు కావలసినవాడు వైయాకరణుని యింటికి బోయి మాటలు చేసియిమ్మని యడుగడని పతంజలి చెప్పిన మాట వీరు మఱవరాదు. శబ్దము లోకమునుండియే వచ్చును. శాస్త్రము దానిని వివరించును. విడిచిన నెంత యనర్థము కలుగునో యొక యుదాహరణమున జూడవచ్చును. 'ఈ కట్టడము ప్రభుత్వమునకు తెల్ల ఏనుగు' అని పత్రికలు వ్రాయును. సంస్కృతము చదివినవానికి తెల్లయేనుగు ఐరావతము, మంగళకరము. అతడు ఆ వాక్యమును స్తుతిగ గ్రహించును. పత్రిక యుద్దేశము పోషింపలేని భారమని నిందించుట. 'సింహభాగము' మొత్తములో నధికాంశ మనియు, 'మొసలి కన్నీరు' కపటశోక మనియు కోశమున లేనిచో, తత్పురుషసమాసమును విడదీసి యెంత చూచినను తెలియదు. 'అధికారి చర్య తీసికొనెను' అన్నచో శిక్షించెనని తాత్పర్యము. చర్య యను పదమున శిక్ష లేదు, 'క్రియ తీసికొనెను' అన్నచో నా యర్థము రాదు. ఆంగ్లపు 'టేక్ యాక్షన్' తెలుగున నీ విశేషార్థముతో నిలిచినది గాన, నిది చేర్పదగినది. 'నిర్ణయము తీసికొనుట' యట్టిది కాదు. నిర్ణయించుట యను నర్థము నిర్ణయపదముననే యున్నది. 'తీసికొను' క్రియ క్రింద నొక పంక్తి వ్రాసిన నదియు తక్కినవియు తీఱును. ఇవి యిటీవలి యనుకరణములని కోశకర్త గుర్తు పెట్టవచ్చును; లేవనరాదు.

ఇంతకును నిఘంటు వెవరికొఱకు? శాస్త్రారంభమున విషయప్రయోజనసంబంధాధికారులను జెప్పుట మన సంప్రదాయము. అధికారి మాఱినచో అర్హతయు మాఱును. ఆంగ్లగ్రంథమును జదివి గ్రహింపగోరువానికి 'టేక్ ఎ బాత్' అను దానికి వేఱు చోటు వలదు. స్నానమని యతడు గ్రహించును. తెలుగునుండి ఆంగ్లమున వ్రాయగోరువానికి అది తప్పక కావలెను. లేనిచో 'స్నానము చేయు' అను మన నుడిని మాటకుమాటగ మార్చి యాంగ్లేయులు పలుకని వాక్యమును వ్రాయును. కావున ఆంగ్లాంధ్రకోశమునకు పై మొదటి పరీక్ష ప్రధానము. ఆంధ్రాంగ్లకోశమున దానిని సడలించి, రెండు భాషలును భిన్నక్రియల వాడు చోట్లనెల్ల పదబంధమును జూపవలెను. 'హెవీ రెయిన్' మొదటిదానిలో వలదు. రెండవదానిలో 'పెద్దవాన' క్రింద నుండిన మేలు.

చేర్చునపు డెచ్చట చేర్చుట యనునదియు విచార్యము. తెలుగు పలుకుబడిలో క్రియ చివర నిలిచి రూపములు మార్చుకొనును. నామము మొదట నిలుచును. కాబట్టి మొదటి నామము క్రింద, దాని ప్రథమారూపమున నారోపించుట వెదకువారికి సులభము. 'కాలికి బుద్ధి చెప్పు' కాలు క్రింద, 'నీళ్లు నమలు' నీళ్ల క్రింద నుండవలెను. ఆంగ్లమునను 'కిక్' క్రింద గాక 'బకెట్' క్రింద నుంచి, కిక్ వద్ద సూచన చేయుట యుచితము. తన్నుటకు పెక్కు పలుకుబడులుండును, బకెట్టునకు గొన్నియే. ప్రతి యారోపమునను అర్థము, ఒక సహజవాక్యము, పరిహాసమా నిందయా గౌరవమా యను గుర్తు, వాడు ప్రాంతము నుండవలెను. 'బాల్చీ తన్నుట'కు మరణమని మాత్రమే వ్రాసి పరిహాసమని వ్రాయకున్న, సంతాపలేఖలో నెవరైన దానిని వాడుదురు. సామెత పూర్ణవాక్యము గాన దానికి వేఱు గ్రంథ ముండవలెను. 1868లో కార్ దొర తెలుగు సామెతలను వేఱుగనే సంపుటీకరించెను.

పాఠశాలాపండితుల చేతిలో నీ పనికి కావలసిన సాధనము లున్నవి. విద్యార్థులు వ్రాసిన మాటలలో నిఘంటువున లేని పలుకుబడి కనబడినప్పుడు దానిని కొట్టివేయుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. అవయవార్థములచే వచ్చునా? పర్యాయమును సహించునా? ఒకరినొకరు ఎఱుగని ముగ్గురు నాలుగూళ్లవారు పలుకుదురా? మొదటి రెంటికి 'లేదు' అనియు, మూడవదానికి 'ఔను' అనియు సమాధానము వచ్చినచో, ఆ మాటను వాక్యముతోను ఊరిపేరుతోను చీటీపై వ్రాసి యుంచవలెను. గోదావరికి ఈవలి మంథనిలోను, ఆవలి చెన్నూరులోను ఇట్టి చీటీలు కూడినచో, రాబోవు నిఘంటుకర్తకు కవిప్రయోగముతో సమానమైన సాక్ష్యము సిద్ధించును. బాలుని వాక్యముపై నెఱ్ఱసిరా పడునది తప్పుమాటకే గాని, నిఘంటువు మఱచిన మాటకు గాదు.